వాగు పుస్తకంలో ఒక ఖాళీ గడి

మా స్టాటిస్టిక్స్ సార్ పోయారు. ఆ పొద్దున నేను మానుకోటలో మా కాలేజీ పరీక్ష హాల్లో ఇన్విజిలేషన్ చేస్తున్నాను. ఫోను మోగకుండా జేబులో పెట్టుకున్నాను. పరీక్ష అయ్యాక తీసి చూస్తే దేవరుప్పుల నుంచి నాలుగు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. నాలుగూ సార్ భార్యవే. ఆమెను నేను మొదటి నుంచీ అమ్మ అనే పిలుస్తాను. వరండాలో నిలబడి ఫోన్ చేశాను.

"నాలుగు పాల్లు చేసిన బిడ్డా, ఎత్తలే నువ్వు," అంది. "సార్ పోయిండు. దవాఖానకు తోల్కపోదామని ఆటో పిలిచినం. అది వాకిట్లకు వచ్చేటాళ్లకే అయిపోయింది."

ఆమె గొంతు నిలకడగానే ఉంది. జవాబు పత్రాల కట్ట స్టాఫ్ రూంలో పడేసి, దొరికిన రైలెక్కి జనగామలో దిగి, బస్సు పట్టుకుని దేవరుప్పుల చేరేసరికి ఇంటి ముందు టెంటు వేసి ఉంది. సార్ ఎప్పుడూ కూర్చునే ప్లాస్టిక్ కుర్చీలో ఎవరో తెలియని మనిషి కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. అతణ్ని లేపాలని ఎందుకంత కోపం వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

మీలో చాలామందికి ఆయనెవరో తెలియదు. జనగామలో ఒక డిగ్రీ కాలేజీలో సర్వీసంతా స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరైన మనిషి. సన్మానాలకు పిలిస్తే వెనక కుర్చీలో కూర్చుని, భోజనాలు మొదలవకముందే బస్టాండుకు వెళ్లిపోయే రకం. అలాంటి మనిషి గురించి పత్రికలో రాయడమేమిటని, ఉండి ఉంటే ఆయనే కసురుకునేవారు. రాయడానికి నాకొక కారణం ఉంది. ఆయన పేరు మీద ఒక తప్పుడు లెక్క మిగిలిపోయింది. ఒక రిపోర్టు చివరి పేజీలో ఆయన సంతకానికి పైన అది అచ్చయి ఉంది. ఆ తప్పు ఆయనది కాదు, నాది. ఈ మాట ఆయన ముందు చెప్పుకోవడానికి నాకు ఆరేళ్లు దొరికాయి. నేను చెప్పలేదు.

క్లాసులో మేం ఆయనకు పెట్టిన పేరు దాదాపు సార్. బోర్డు మీద జవాబు ఎంత కచ్చితంగా వచ్చినా దాని పక్కన 'దాదాపు' అని రాసి, చుట్టూ గీత గీసేవారు. అది రాయకుండా వదిలేస్తే పరీక్షలో అర మార్కు కోసేవారు. "మనం లెక్కపెట్టేటోళ్లం, దేవుళ్లం కాదు," అనేవారు. ఇంకో అలవాటు హాజరు పిలవడం. మొదటిసారి పలకనివాళ్లకు అక్కడికక్కడే ఆబ్సెంట్ వేసేవారు కాదు. గంట చివర్లో వాళ్లను మళ్లీ పిలిచేవారు. టీకొట్టు దగ్గర కాలక్షేపం చేసి చివరి పది నిమిషాలకు వెనక తలుపులోంచి దూరేవాళ్లకు ఇది బాగా కలిసొచ్చింది. అలా దూరిన వాళ్లలో నేనూ ఉన్నాను. ఒకసారి ఇంకో లెక్చరర్ మా ముందే ఆయన్ని ఆటపట్టించాడు, పిల్లలు మిమ్మల్ని మోసం చేస్తున్నారని. సార్ నవ్వేసి, "కనపడకపోవుడు వేరు, లేకపోవుడు వేరు," అన్నారు.

ఈ మాట ఆయన సొంతం కాదని అమ్మ వాదన. పెళ్లయిన కొత్తలో ఇద్దరూ కురవి వీరభద్రస్వామి జాతరకు పోయారట. జనంలో అమ్మ తప్పిపోయింది. సార్ గుడి చుట్టూ ఒక్కసారి తిరిగి, ఆమె కనిపించకపోయేసరికి ముందే బస్సెక్కి ఇంటికి పోయి ఉంటుందని తేల్చుకుని, తానూ బస్సెక్కేశారు. అమ్మ మిఠాయి దుకాణం దగ్గర నిలబడిన చోటే సాయంత్రం దాకా నిలబడింది. చివరికి ఊరి వాళ్ల ట్రాక్టర్లో ఇల్లు చేరింది. "ఒక్కపాలి సూసి లేదంటవా? మల్లొక్కపాలి తిరిగితే నీ కాళ్లు అరుగుతయా?" అని వారం రోజులు మాట్లాడలేదట. ఆ కథ అమ్మ చెబుతుంటే సార్ తల వంచుకుని పల్లీలు ఒలుచుకునేవారు. ఆ తర్వాత ఆయన నోట ఒక్కసారికే 'లేదు' అనే మాట ఎవరూ వినలేదు. చక్కెర డబ్బా తెమ్మంటే వంటింట్లో నిలబడి 'కనపడ్తలేదు' అని కేకేసేవారు. డబ్బా ఆయన కళ్లముందే ఉండేది.

రిటైరయ్యాక ఆయన మళ్లీ విద్యార్థి అయ్యారు. పాత ల్యాప్‌టాప్ ఒకటి కొనుక్కుని, అడవుల్లో జంతువులనూ పక్షులనూ లెక్కగట్టడానికి వచ్చిన కొత్త పద్ధతులన్నీ ఒక్కొక్కటే చదివారు. నేను పీజీ అయిపోయి ఉద్యోగం కోసం చూస్తున్న రోజులవి. పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు. "గిన్నేండ్లు పిల్లలకు సగమే చెప్పిన పిలగా," అన్నారు మొదటి రోజే. "చెరువుల పది కొంగలు కనపడ్డయంటే పది ఉన్నయని లెక్క కట్టిచ్చిన. నా కండ్లకు ఎన్ని తప్పిపోయినయో దానికి లెక్క ఏది?"

ఆ కొత్త పద్ధతుల్లో ఆయనకు అన్నింటికంటే నచ్చింది చాలా మామూలుగా కనిపిస్తుంది. ఒక చోటుకు ఒక్కసారి పోయి తేల్చకూడదు. నాలుగుసార్లు పోవాలి. పోయిన ప్రతిసారీ కనిపించిందో లేదో రాయాలి. నాలుగింటిలో ఒక్కసారి కనిపించినా ఆ జంతువు అక్కడ ఉన్నట్టే, మిగతా మూడుసార్లు మన కన్ను తప్పినట్టు. అన్ని చోట్ల తప్పులూ కలిపి చూస్తే మన కన్ను మామూలుగా ఎంత తప్పుతుందో అంచనాకు వస్తుంది. దాన్ని పట్టుకుని, ఒక్కసారీ కనిపించని చోట కూడా అది ఉండే అవకాశం ఎంతో చెప్పవచ్చు. ఒక మడుగు గురించి తక్కువ తెలిస్తే పక్క మడుగుల వివరాలు సాయం తీసుకోవచ్చు, కానీ వాటి మాటే పూర్తిగా నమ్మకూడదు. ఇది చెప్పేటప్పుడు సార్ ముఖంలో ఉత్సాహం చూస్తే, అరవై దాటిన మనిషని ఎవరూ అనుకోరు.

అలా మేం రేగొండ దాటాక ఒక ఊరి పక్కనుంచి పోయే వాగు మీద పనిచేశాం. వెతికింది నీటికుక్కలను, అంటే ఇంగ్లీషులో ఆటర్లు అనేవాటిని. అవి మనిషి అలికిడికే మునిగిపోతాయి. అందుకని ఒడ్డున బండల మీద వాటి అడుగులు, చేప పొలుసులు కలిసిన మలం వెతకాలి. సార్ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, "ఇయ్యాల్టిదే," అని సంబరపడేవారు. నేను అటు తిరిగి నిలబడేవాణ్ని. రోజూ మేం పోలేం కాబట్టి, ఆ వాగులో చేపలు పట్టుకుని బతికే ఒక పెద్దావిడకు పుస్తకం అప్పగించాం. ఊళ్లో అందరికీ ఆమె అవ్వే, మాకూ అవ్వే. రాత్రిబడిలో అంకెలూ కొద్దిగా అక్షరాలూ నేర్చుకుంది. పొడుగు నోటుబుక్కులో మడుగుకో వరుస, వారానికో గడి చొప్పున సార్ స్కేలు పెట్టి గీసిచ్చారు. జాడ కనిపిస్తే గీత, పోయినా కనిపించకపోతే సున్న, అసలు పోకపోతే ఖాళీ. మూడే మాటలు.

ఆ పుస్తకం ఎండాకాలం మొదట్లో నా చేతికొచ్చింది. నిండా గీతలూ ఖాళీ గళ్లూ ఉన్నాయి, సున్న ఒక్కటి కూడా లేదు. సార్ కళ్లజోడు పైకి జరుపుకుని చాలాసేపు చూశారు. "సున్న ఒక్కటన్న లేకుండ ఎట్ల ఉంటది? నువ్వు పోయి అవ్వ ఎంబడి కూసొని ఒక్కో గడి అడుగు. అడిగినంకనే కంప్యూటర్ల ఎక్కియ్యి," అన్నారు. ఆ వారంలోనే నాకు ఇంటర్వ్యూ ఉంది. ఎండ దంచేస్తోంది. జనగామ నుంచి రేగొండ పోవాలంటే రెండు బస్సులు మారాలి. నేను పోలేదు. జనగామలో నా గదిలో ఫ్యాను కింద కూర్చుని, ఖాళీ గళ్లన్నీ అవ్వ పోని రోజులని నాకు నేనే చెప్పుకుని ఎక్కించేశాను.

"అవ్వను అడిగినవా?" అన్నారు సార్, మూడో రోజు.

"అడిగిన సార్," అన్నాను.

ఇంతే. రెండు మాటలు. ఇంటర్వ్యూలో ఉద్యోగం వచ్చింది కూడా.

కనిపించిన రోజులు మాత్రమే లెక్కలోకి వెళితే ఏమవుతుందో మీరూ ఊహించగలరు. మా కన్ను ఎన్నడూ తప్పదనీ, వాగు పొడుగునా ప్రతి మడుగులో నీటికుక్కలు ఉన్నాయనీ జవాబు వచ్చింది. సార్ నా మాట నమ్మి రిపోర్టు కింద సంతకం పెట్టారు. భూపాలపల్లిలో ఇసుక అనుమతులు చూసే ఒక ఆఫీసుకు అది చేరింది. అన్ని చోట్లా ఉన్న జంతువుకు ఒక్క వంపు పోతే నష్టమేముందని, కింది వంపు దగ్గర ఇసుక తీయడానికి వాళ్లు అనుమతి ఇచ్చారు.

వానలు పడకముందు సార్ ఒక్కరే వాగుకు పోయారు. అక్కడ అవ్వ మాటల్లో అసలు సంగతి బయటపడింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి మంచినీళ్లు కూడా తాగకుండా నాకు ఫోన్ చేసి, అవ్వ అన్న మాటలు అన్నట్టే వినిపించారు.

"'ఆ మీది బండల కాడ ఎన్నడు కానరాలే సార్,' అన్నదయ్యా. మరి సున్న పెట్టలేదేందవ్వా అన్న. 'లేదని రాస్తరా సార్ ఎవరన్న? ఇంట్ల బియ్యం అయిపోతే లేవంటమా, నిండుకున్నయంటం గని. నాకు నాలుగు చేపలిచ్చే వాగు. దాని బుక్కుల లేదు లేదని రాస్తే దానికి మంచిదా?' అన్నది."

అవ్వ ప్రతి వారం పోయింది. ఖాళీ గళ్లన్నీ ఆమె వాగంతా తిరిగి ఏమీ చూడని రోజులు. మా అమ్మమ్మ కూడా దీపం ఆర్పేయమనేది కాదు, కొండెక్కించమనేది. ఆ మాటల్లోనే పెరిగిన నాకు ఈ సంగతి తట్టి ఉండాల్సింది. కనీసం ఆమె ఎదురుగా కూర్చుని అడిగి ఉంటే పది నిమిషాల్లో తేలిపోయేది. సార్ ఫోన్లో కాసేపు ఆగారు. నేను ఏమైనా అంటానేమోనని ఆగారని ఇప్పుడు అనిపిస్తోంది. నేను ఊఁ కొట్టి ఊరుకున్నాను.

ఖాళీల్లో సున్నలు పెట్టి లెక్క మళ్లీ చేశాం. వాగు మొత్తంలో నీటికుక్కలు నిలకడగా ఉన్నది ఒక్క చోటే. ఇసుక తీయమన్న ఆ కింది వంపు.

సార్ ఆ కాగితాలు పట్టుకుని భూపాలపల్లి బయల్దేరారు, నన్నూ రమ్మన్నారు. పెద్ద టేబుల్ చుట్టూ ఏడెనిమిది మంది ఉన్నారు. వాళ్లలో ఒకాయన రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి, "మొన్న అన్ని చోట్లా ఉన్నాయన్నారు, ఇవాళ ఒక్క చోటే అంటున్నారు. మొదటి లెక్క చేసిందెవరు?" అని అడిగాడు. నా ముందు నీళ్ల సీసా ఉంది. దాని మూత మీద వేలు పెట్టి తిప్పుతూ కూర్చున్నాను.

"లెక్క నాది. తప్పు నాది," అన్నారు సార్.

ఆయన చేతులు మోకాళ్ల మీద ఉన్నాయి. జీవితమంతా పిల్లలకు 'దాదాపు' నేర్పిన మనిషి ఆ రెండు మాటల పక్కన దాదాపు అనలేదు. వయసు మీదపడ్డాక కంప్యూటర్లెందుకని ఎవరో గొణిగితే ఇద్దరు ముగ్గురు నవ్వారు. పని ఇప్పటికే మొదలైంది, ఇక చేసేదేమీ లేదన్నారు. తిరుగు బస్సులో సార్ ఒక కాల్చిన మక్క కంకి కొని, విరిచి సగం నా చేతిలో పెట్టారు. జనగామ వచ్చేదాకా నన్ను ఏమీ అడగలేదు. నా సగం కంకి చేతిలోనే చల్లారిపోయింది.

ట్రాక్టర్లు ఆ వంపును రెండు ఎండాకాలాలు తవ్వాయి. బండలు పక్కకు పోయాయి, మడుగు పూడిపోయింది. తవ్వకం సాగుతున్నప్పుడే సార్ నెలకోసారి అక్కడికి పోవడం మొదలుపెట్టారు. ఏ ఆఫీసూ పంపలేదు, ఎవరికీ రిపోర్టు ఇవ్వాల్సిన పని లేదు. గొడుగు, అటుకుల పొట్లం పట్టుకుని దేవరుప్పుల నుంచి జనగామ, అక్కడి నుంచి ఇంకో రెండు బస్సులు. అవ్వతో కలిసి ఒడ్డంతా నడిచి, పుస్తకంలో సున్న పెట్టి తిరిగొచ్చేవారు. నేను పండక్కో పబ్బానికో దేవరుప్పుల పోయినప్పుడల్లా, చాయ్ తాగాక ఒకే ప్రశ్న అడిగేవారు. "ఓసారి వాగు దిక్కు పోదామా?" పేపర్లు దిద్దాలనో, పిల్లవాడికి జ్వరమనో ఏదో ఒకటి చెప్పేవాణ్ని. "మంచిది, వచ్చే నెల సూద్దాం," అనేవారు. ఆరేళ్లలో ఎన్నిసార్లు అడిగారో. నేను ఒక్కసారీ పోలేదు.

దినకర్మ అయ్యాక అమ్మ నన్ను లోపలికి పిలిచింది. "ఆ బుక్కు అవ్వ కాడ ఉంది. పానం బాగలేనప్పటి సంది ఆయన పోనేలేదు. జర నువ్వు పోయి తెస్తవా?" అంది. ఈసారి నా దగ్గర పేపర్లూ లేవు, జ్వరాలూ లేవు. నెల మారగానే పోయాను.

అవ్వ బాగా వంగిపోయింది. గుమ్మం ముందు వల బాగుచేసుకుంటోంది. నేనెవరో చెప్పబోయేలోగా, "ఎరుకే బిడ్డ. సార్ పిలగానివి," అంది. నీళ్లిచ్చింది. తాగి గ్లాసు కింద పెట్టాను. ఎవరికీ చెప్పని మాట ఆమెకు చెప్పాను. ఆ ఎండాకాలం నిన్ను అడగడానికి రాలేదవ్వా, వచ్చినట్టు సార్‌కు అబద్ధం చెప్పాను అన్నాను.

అవ్వ వల పక్కన పెట్టింది. "నువ్వు రాలేదని నేను గప్పుడే చెప్పిన గద సార్‌కు. 'పిలగాడు వచ్చి అడిగినప్పుడు సున్నల సంగతి ఎందుకు చెప్పలే?' అన్నడు. ఏ పిలగాడు, ఎవ్వరు రాలే అన్న."

"ఏమన్నడవ్వా?"

"జరసేపు నీళ్లల్లకు సూసిండు. 'రేపో మాపో అస్తడు అవ్వా. ఒక్కపాలి రాకుంటే లేడనొద్దు,' అన్నడు. అచ్చినప్పుడల్ల అడిగేటోడు, మా పిలగాడేమన్న వచ్చిండా అని."

భూపాలపల్లిలో ఆ టేబుల్ ముందు కూర్చునేనాటికే ఆయనకు అంతా తెలుసు. నాకు ఫోన్ చేసిన సాయంత్రమే తెలుసు. ఆరేళ్లపాటు ప్రతి చాయ్ తర్వాతా అడిగిన ఆ ఒక్క ప్రశ్న ఏమిటో అప్పుడు అర్థమైంది. గంట చివర్లో నా పేరు మళ్లీ పిలుస్తూనే ఉన్నారు. నేను పలకలేదు. అవ్వ ముందే ఏడ్చాను. ఆమె వద్దనలేదు.

కాసేపటికి లోపలికి పోయి సంచిలోంచి పుస్తకం తెచ్చింది. ఆఖరి పేజీలన్నీ సున్నలే. పైవన్నీ సార్ పెట్టిన సున్నలు, చిన్నవి, గుండ్రంగా ఉన్నాయి. ఆయన మంచం పట్టిన నెల నుంచి రాత మారింది. పెద్దవి, వంకరగా, కాగితం చిరిగేలా వత్తి పెట్టినవి. వాగు పుస్తకంలో లేదని రాయడానికి మనసొప్పని మనిషి, ఆయన బదులు ఒక్కతే పోయి నెలనెలా పెట్టిన సున్నలు. వాటి కింద ఒక గడి ఖాళీగా ఉంది.

"ఇది రాయలేదేందవ్వా?" అని అడిగాను. ఆరేళ్ల కిందట అడగాల్సిన ప్రశ్న.

"ఆ నెల నేను పోలే బిడ్డ. సార్ పోయిండని తెలిసినంక కాళ్లు కదలలే. పోకుంటే ఉత్తగ ఇడువమన్నది సారే గద."

ఇద్దరం వాగు దాకా నడిచాం. కింది వంపులో నీళ్లు మడమల లోతున పారుతున్నాయి. బండలున్న చోట కంకర తేలి ఉంది. ఈ చివర నుంచి ఆ చివరకు పోయాను, వెనక్కి తిరిగి మళ్లీ చూశాను. అడుగు లేదు, పొలుసు లేదు. అవ్వ కొంగులోంచి పెన్ను తీసి ఇచ్చింది. ఖాళీ గడిని ముట్టుకోకుండా, దాని కింద గడిలో చిన్నగా ఒక సున్న పెట్టాను. పుస్తకం దేవరుప్పులకు తీసుకుపోలేదు. సిరా ఆరేదాకా తెరిచే పట్టుకుని, అవ్వకు తిరిగిచ్చి, వచ్చే నెల వస్తానని చెప్పాను.